హైదరాబాదు దూరదర్శనము: అది యెవరిని చూచి మాటలాడెను?

మంథని గోదావరి కుడిగట్టున నున్న పాత యగ్రహారము. మంత్రపురి యని దానికి పూర్వనామము. ఇచ్చటి పండితులు వేదమును పుస్తకము చూచి నేర్చినవారు కారు. గురువు నోట విని, పలుమారులు వల్లించి, చెవి ద్వారా మనస్సున నిలుపుకొన్నవారు. ఆ విద్య గొప్పతనమును మేము తక్కువ చేయము. చిన్ననాట మేమును సంస్కృతమును అట్లే నేర్చితిమి. కాని ఆ గొంతు ఏ యరుగు దాక వినబడవలెను, ఏ వీధి మొగదల ఆగిపోవలెను అను కట్టుబాటు కూడ ఆ విద్యతోనే పెరిగినది. వినుటకు అర్హులు కొందరు, వినరానివారు అనేకులు.

రేడియోయు, దాని వెనుక టెలివిజనును పుట్టినప్పుడు సంస్కరణాభిలాషులు సంతోషించుటకు ఇదియే కారణము. ఆకాశమున సాగు తరంగము కులము నడుగదు, అరుగు దగ్గర ఆగదు. చదువురాని వానికిని, ఇల్లు దాటని స్త్రీకిని, ఊరి వెలుపలి వాడకును ఒకే క్షణమున ఒకే మాట చేరగలదు. ప్రకృతి శాస్త్రము చెప్పునంతవరకు ఇది సత్యమే. అయితే ఆ మాట ఏ భాషలో పలుకవలెను, ఏ వేళ పలుకవలెను, ఎదుట ఎవరు కూర్చున్నారని తలచి పలుకవలెను అను సంగతులను శాస్త్రము తేల్చదు. కొందరు మనుష్యులు ఒక గదిలో కూర్చుండి తేల్చెదరు. హైదరాబాదు దూరదర్శన కేంద్రపు చరిత్రను మేము ఈ దృష్టితో చెప్పదలచితిమి. ఏ నాటకమున ఎవరు నటించిరను పట్టిక మా యుద్దేశము కాదు. ఆ కేంద్రము ఎవరిని చూచి మాటలాడెను, ఆ చూపు మా గోదావరి గట్టు వరకు ఎప్పుడైన సాగెనా యనునదే మా ప్రశ్న.

ప్రసారము మన ప్రాంతమునకు టెలివిజనుతో వచ్చినది కాదు. 1935 ఫిబ్రవరి 3వ తేదీన నిజాము ప్రభుత్వము హైదరాబాదులోని రేడియో కేంద్రమును తన యధీనమునకు తెచ్చుకొనెను. డెక్కన్ రేడియో యనబడిన ఆ కేంద్రమున ఉర్దూకు పెద్దపీట. తెలుగు, కన్నడ, మరాఠీలకు ప్రక్కపీటలు. రాజ్యమున తెలుగు మాటలాడు జనమే ఎక్కువ. కార్యక్రమమున ముందుండినది దర్బారు భాష. 1948 సెప్టెంబరు 17న యుద్ధము నిలిచిన వార్తయు ప్రజలకు ఆ రేడియో ద్వారానే తెలిసినది. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసిపోయెను. పాలకుడు మారెను గాని, నగరమున కూర్చుండి పల్లెకు చెప్పు పద్ధతి మారలేదు. ఆ పద్ధతిని తలక్రిందు చేయుటకు జరిగిన ప్రయత్నము మరి పాతికేండ్లకు, అదియు ఆకాశము నుండి, వచ్చినది. దానినే కొంత విపులముగ చెప్పవలసి యున్నది.

భారతదేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ఆరంభమైనది. మొదట వారమునకు రెండు మారులే ప్రసారము. 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టుపట్ల పల్లెల రైతులకై కృషి దర్శన్ అను కార్యక్రమము మొదలైనను, టెలివిజను నగరపు వస్తువుగనే యుండెను. ఆ కాలముననే విక్రమ్ సారాభాయి యను శాస్త్రజ్ఞుడు ఒక విపరీతముగ తోచు వాదమును ముందునకు తెచ్చెను. నగరముల నుండి మెల్లమెల్లగ పల్లెలకు పోవుదమన్నచో పల్లెల వంతు ఎన్నటికిని రాదు. కావున ముందు పల్లెలతోనే మొదలుపెట్టవలెను. భూమి మీద వేల టవర్లు నిలుపుట కంటె ఆకాశమున ఒక్క ఉపగ్రహమును నిలుపుట మేలు, అని ఆయన వాదము. 1969 సెప్టెంబరులో మన అణుశక్తి శాఖకును అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసాకును ఒడంబడిక కుదిరెను. 1971 డిసెంబరు 30న సారాభాయి కాలధర్మము నొందెను. పనిని సతీశ్ ధావన్, యశ్‌పాల్ మొదలైనవారు కొనసాగించిరి.

1974 మే 30న అమెరికావారు పంపిన ఏటీఎస్-6 అను ఉపగ్రహమును మరుసటి యేట మన దేశము కంటబడు చోటికి జరిపిరి. 1975 ఆగష్టు 1 నుండి 1976 జూలై 31 వరకు సరిగ ఒక సంవత్సరము అది మనకు ఎరువుగ దొరికినది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ అను ఆరు రాష్ట్రములలో ఇరువది జిల్లాలు, సుమారు 2,400 గ్రామములు ఎన్నుకొనబడెను. ఎన్నికకు ఆధారము వెనుకబాటుతనము. మరి యే ప్రభుత్వ కార్యమునందును వెనుకబాటుతనము ఇంత గౌరవము పొందియుండదు. దీనినే ఇంగ్లీషు పేరులోని పొడి యక్షరములతో సైట్ అనిరి.

గ్రామమునకు వచ్చిన సామగ్రి చూచుటకు వింతగ నుండెను. కోళ్ళగూళ్ళకు వాడు తీగవల వంటి దానితో అల్లిన, పది యడుగుల వెడల్పు గల గొడుగు ఒకటి ఆకాశము వైపు తెరచుకొని యుండును. దాని క్రింద హైదరాబాదులోని ఈసీఐఎల్ కర్మాగారమున తయారైన పెద్ద నలుపు తెలుపు టీవీ. దానిని ఏ ధనికుని ఇంటను పెట్టలేదు. ఎల్లవారును రాదగిన బహిరంగ స్థలమున, తరచు పాఠశాలలో, నిలిపిరి. ఈ ప్రయోగమున శాస్త్రజ్ఞులు చేసిన పనులన్నిటిలో మాకు ఇదియే మిన్నగ తోచును. తరంగము కులము నెరుగదన్న మాట సత్యమగుటకు పెట్టెను ఎచ్చట పెట్టితిమన్నది ముఖ్యము. పంచాయతి పెద్ద లోగిలిలో పెట్టియుండినచో అది ఆయన లోగిలి టీవీయే యగును.

ఉదయము బడిపిల్లలకు ఒక్కొక్క భాషలో 22½ నిమిషముల పాఠము. సాయంకాలము పెద్దలకు సేద్యము, ఆరోగ్యము, కుటుంబ నియంత్రణము, కొంత ఆటపాట. సాయంకాలపు రెండున్నర గంటలను భాషలవారు పంచుకొనవలసి వచ్చెను. ఒకే దృశ్యమునకు రెండు ధ్వనులను జతచేయు సౌకర్యము ఆ యుపగ్రహమునకు కలదు. అనగా ఒకే బొమ్మ ఒకచోట ఒక భాషలోను మరియొకచోట మరియొక భాషలోను మాటలాడగలదు. తెలుగు, కన్నడ కార్యక్రమములు తయారు చేయుటకు హైదరాబాదున ఒక నిర్మాణ కేంద్రము వెలసెను. చదువరులు ఈ వరుసను గమనింతురు గాక. హైదరాబాదున టెలివిజను టవరు లేవక ముందే, నగరమున ఒక్క యింటను దాని బొమ్మ కనబడక ముందే, పల్లెకై కార్యక్రమములు చేయు స్టూడియో పుట్టినది. ఆ స్టూడియోలోని వారు తమ పనిని తమ యింట చూచుకొనలేరు. చూడవలసినవారు మెదకు, మహబూబునగరు జిల్లాల పల్లెలలో నేలమీద కూర్చున్న జనము. తెలుగు ప్రసార చరిత్రలో అంతకు ముందు గాని తరువాత గాని ఇట్టి వింత జరుగలేదు.

ఆ సంవత్సరముననే బడిపంతుళ్ళకు కూడ టీవీ ద్వారా విజ్ఞాన శాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చిరి. దేశమున వేలమంది ఉపాధ్యాయులు సెలవులలో ఆ పెట్టె ముందు కూర్చుండి, చేతికందు వస్తువులతో ప్రయోగములు చేయుట నేర్చిరి. ప్రయోగపు ఫలితములను కొలిచిన సాంఘిక శాస్త్రజ్ఞులు తేల్చిన విషయములలో ఒకటి మా మనస్సున నిలిచినది. ఆరోగ్య విషయములలో స్త్రీలు, అందును చదువురాని వారు, ఎక్కువగ నేర్చుకొనిరి. పుస్తకము వారిని విడిచిపెట్టినది. ఈ పెట్టె వారిని పట్టుకొన్నది.

ఇంత చెప్పి దోషము చెప్పకున్న చరిత్ర కాదు. 1975 జూన్ 25 నుండి 1977 మార్చి 21 వరకు దేశము అత్యవసర పరిస్థితిలో నుండెను. సైట్ సంవత్సరమంతయు ఆ చీకటిలోనిదే. ప్రసారమంతయు ప్రభుత్వపు చేతిలోనిది. పల్లెవాడు వినుటకే గాని తిరిగి అడుగుటకు మార్గము లేదు. విత్తనముల సంగతి చెప్పిన నోటితోనే ప్రభుత్వపు ఇరువది సూత్రముల స్తుతియు వినిపించెను. తరంగము కులమును అడుగకపోవచ్చును గాని, యజమానిని మరువదు.

మా కరీంనగరు జిల్లా ఆ యిరువది జిల్లాలలో లేదు. వెనుకబాటుతనమే అర్హతయైనచో మంథని తాలూకాకు ఏమి తక్కువ యని మేము పలుమారులు ఆలోచించితిమి. ఆ కాలమున మంథని నుండి శాసనసభలో కూర్చున్నవారు పి.వి. నరసింహారావు గారు. 1957 నుండి 1977 వరకు ఆ స్థానము వారిదే. 1962-64 నడుమ రాష్ట్రమున సమాచార శాఖ వారి చేతిలో నుండెను, 1971లో ముఖ్యమంత్రియైరి. పేరు దేశమంతట మ్రోగినను, తరంగము మాత్రము ఈ గట్టుకు రాలేదు. ఇందు వారి దోషమున్నదని మేము అనము. ఉపగ్రహపు పల్లెల పట్టికను వ్రాసినవారు వేరు. వారు హైదరాబాదునకు దగ్గరలో, యంత్రము చెడిన మరమ్మతుచేయువాడు జీపులో పోయి సాయంకాలమునకు తిరిగి రాదగినంత దూరములో పల్లెలను గుత్తులుగ ఎన్నుకొనిరి. ఎంత ఉదారమైన ప్రణాళికకైనను ఒక జీపు పోయి వచ్చునంత దూరమే హద్దు.

1976 ఆగష్టులో అమెరికావారు ఉపగ్రహమును మరలించుకొని పోయిరి. గొడుగులు ఆకాశము వైపు నోరు తెరచి యుండిపోయెను. ఆ పల్లెలను విడువరాదని, వానిలో కొన్నిటికైన అందునట్లు భూమి మీద ట్రాన్స్‌మిటర్లు నిలుపుదమని ప్రభుత్వము తలచెను. 1977 అక్టోబరు 23న మొదలైన హైదరాబాదు దూరదర్శన కేంద్రము అట్లు పుట్టినదే. అనగా అది నగరమునకై పుట్టినది కాదు, ఉపగ్రహము విడిచిపోయిన పల్లెలను పలుకరించుటకై పుట్టినది. జన్మపత్రికయందు ఇట్లున్నను జీవితము వేరొకటి. టవరు లేచినది నగరమున; టవరు చుట్టు నున్నవారు నగరవాసులు; టీవీ కొనగలవారు వారే; ఉత్తరములు వ్రాయువారును వారే. రెండు మూడు సంవత్సరములు గడచునప్పటికి పల్లె కార్యక్రమము సాయంకాలపు ఒక భాగమయ్యెను. శుక్రవారము సినిమా పాటల 'చిత్రలహరి' కొరకు వీధులు ఎదురుచూచుట మొదలయ్యెను.

మేము సినిమా పాటను నిందింపము. అలసిన గృహిణి వారమునకు ఒక అరగంట పాట విని సంతోషించినచో సంస్కరణమునకు కలుగు హాని లేదు. మా పరితాపము వేరు. గుజరాతులోని ఖేడా జిల్లాలో అదే కాలమున, పీజ్ అను గ్రామమున నిలిపిన ఒక చిన్న ట్రాన్స్‌మిటరుతో, అహమ్మదాబాదు శాస్త్రజ్ఞులు జిల్లా రైతులకును కూలీలకును వారి మాటలోనే, వారి చేతనే నాటకములు కట్టించి ప్రసారము చేసిరి. వడ్డీ, కూలి, అస్పృశ్యత అను విషయములను అందు దాచలేదు. 1984లో ఐక్యరాజ్య సమితి విద్యా సంస్థయైన యునెస్కో దానికి బహుమానమిచ్చెను. తరువాత కొలది యేండ్లకే అదియు మూతపడినది. జిల్లాకొక స్టేషను, జిల్లా మాటలో కార్యక్రమము అను మార్గము అసాధ్యము కాదని చూపించినది అది యొక్కటే. హైదరాబాదు ఆ మార్గమున పోలేదు. పోవుటకు అధికారమును దానికి లేదు. ధనము ఢిల్లీ నుండి, ఉత్తర్వులు ఢిల్లీ నుండి.

ఇందుకు మంచి దృష్టాంతము వార్తలు. 1977లో కేంద్రము మొదలైనను, తెలుగులో వార్తలు చదువుట 1983 నవంబరు 14న గాని ఆరంభము కాలేదు. ఆరు సంవత్సరములు తెలుగు కేంద్రమున తెలుగు వార్త లేదు! పాటయు, సేద్యమును తెలుగున చెప్పవచ్చును గాని, రాజ్యమున ఏమి జరుగుచున్నదో తెలుగున చెప్పరాదను భావమేమో! తొలి వార్తలు చదివినవారు శాంతి స్వరూప్ గారు. ఎదుట అక్షరములు కదలించి చూపు యంత్రము ఆ నాడు లేదు. వారు వార్తలను ముందుగ కంఠస్థము చేసి, కన్నులు ప్రేక్షకుని మీద నిలిపి చెప్పుచుండిరని ప్రసిద్ధి. మంథని వేదపాఠశాలల విద్యయే స్టూడియోలో పనికి వచ్చినదని మేము నవ్వుకొనుట కద్దు. 2024 ఏప్రిల్ 5న ఆయన గతించినప్పుడు, ఇప్పటి వార్తల అరుపులకు విసిగిన గృహస్థులు అనేకులు ఆ నెమ్మది గొంతును తలచుకొనిరి. ప్రేక్షకుల ఉత్తరములను చదివి బదులు చెప్పిన 'జాబులు-జవాబులు' కార్యక్రమమును గూడ ఇచ్చట పేర్కొనవలెను. సైట్ కాలమున పల్లెవానికి లేని ఆ తిరిగి యడుగు మార్గమును కొంతయైన తెరచినది అది. కాని ఉత్తరము వ్రాయుటకు చదువు రావలెను గదా!

ఇక మా గట్టు సంగతి. హైదరాబాదు నుండి మంథని సరళరేఖలో 180 కిలోమీటర్లకు పైబడిన దూరము. నగరపు టవరు వెలుగు అందులో సగమునకే సన్నగిలిపోవును. 1982 ఏప్రిలులో పంపిన ఇన్సాట్-1ఎ ఉపగ్రహము ఆ సెప్టెంబరులోనే చెడిపోయెను. 1983 ఆగష్టు 30న పంపిన ఇన్సాట్-1బి నిలిచినది. 1984లో కొన్ని మాసములపాటు దేశమున దినమునకొక ట్రాన్స్‌మిటరు చొప్పున నిలిపిరి. చిన్న పట్టణములకు వచ్చినవి నూరు వాట్ల చిన్న యంత్రములు. అవి ఉపగ్రహము నుండి ఢిల్లీ కార్యక్రమమును పట్టి చుట్టు పాతిక కిలోమీటర్ల మేర చల్లును. హైదరాబాదు కార్యక్రమమును పట్టుటకు వానికి మొదట మార్గమే లేదు.

దీని ఫలమును చదువరులు ఊహింపుడు. పల్లెకై తెలుగున కార్యక్రమము చేసినప్పుడు మాకు తరంగము లేదు. తరంగము వచ్చునప్పటికి అది హిందీలో మాటలాడెను. మా బాల్యమున వెదురుగెడకు కట్టిన ఏంటెనాను మిద్దె మీద ఒకడు త్రిప్పుచుండ, క్రింద ఒకడు "వచ్చింది, పోయింది" యని కేకలు వేయుచుండ, తెర మీద నిలిచిన తొలి బొమ్మలు ఢిల్లీవి. 1984లో హమ్ లోగ్ అను ధారావాహికయు, 1987 జనవరి 25 నుండి ఆదివారము ఉదయములందు రామాయణమును వచ్చెను. రామాయణమునాడు మా వీధిలోని ఏకైక టీవీ యింట జనము నిండెను. హిందీ రానివారును కథ తెలిసినవారగుటచే మాటతో పని లేక చూచిరి. పురాణము చెప్పు శాస్త్రిగారు సాయంకాలము ఆ ఘట్టమునే తెలుగున మరల చెప్పవలసి వచ్చెను. రామకథకు ఈ యేర్పాటు సరిపోయినది. వరి తెగులునకు, పసిబిడ్డ విరేచనములకు, కూలి చట్టమునకు సరిపోదు. తెలియని విషయమును తెలియని భాషలో చెప్పిన, చెప్పనట్లే.

ఆ గది యెవరి కొరకు తీర్పరచునన్నది ఈ దశాబ్దముననే మారినది. 1976 జనవరి 1 నుండియే దూరదర్శనమున వ్యాపార ప్రకటనలు మొదలైనవి. 1980 తరువాత కార్యక్రమములకే వ్యాపారులు పోషకులైరి. సబ్బు కొనువాడే ప్రేక్షకుడు, కొనలేనివాడు లెక్కలోనివాడు కాడు. పి.సి. జోషి గారి యధ్యక్షతన 1982లో ఏర్పడిన సంఘము, భారత దేశమునకు తగిన టెలివిజను ఎట్లుండవలెనో విచారించి, పల్లెను, స్త్రీని, ప్రాంతీయ భాషను ముందుంచుమని చెప్పెను. ఆ నివేదిక నేటికిని చదువదగినది. ప్రభుత్వము దానిని గౌరవముతో బీరువాలో నుంచెను.

న్యాయము తప్పకుండ మరియొక మాట చెప్పవలెను. హైదరాబాదు కేంద్రపు తెలుగు కార్యక్రమములు ఉపగ్రహము ద్వారా రాష్ట్రమంతట అందిన తరువాత అది మంచి పనులు చేయకపోలేదు. 'ఆనందోబ్రహ్మ' వంటి హాస్యము, 'ఋతురాగాలు' వంటి దినదిన ధారావాహిక గృహములను ఆకర్షించెను. అయితే ఆ తెలుగు ఏ తెలుగు? సేద్యపు కార్యక్రమమున 'గేదె' యన్నప్పుడు మా పల్లెవాడు అర్థము చేసికొనును గాని, తన కొట్టములోనిది 'బర్రె'. అతనిది 'వ్యవసాయము' కాదు, 'ఎవుసం'. అతడు నడుచునది 'దారి' కాదు, 'తొవ్వ'. మా మాట తెర మీద వినబడిన చోట్లు సాధారణముగ రెండు: నవ్వించు నౌకరు నోట, బెదరించు రౌడీ నోట. బడిలో మా విద్యార్థులు ఇంటి మాట పలికి, నాలుక కరచుకొని, పుస్తకపు మాటకు మారుటను చూచి మేము ఎన్నియో మారులు నొచ్చుకొంటిమి. ఆ సిగ్గును నేర్పినవారిలో మేమును ఒకరము. తప్పు దిద్దు ఎర్రసిరా మా చేతిలోనే యుండెను గదా. ఇట్లు గ్రాంథికమున వ్రాయు మేము ఈ ఫిర్యాదు చేయుట హాస్యమే యని చదువరులు నవ్వుదురేమో, నవ్వవచ్చును.

1995లో ఈటీవీ, జెమిని వచ్చినవి. గాలి ప్రజల సొత్తే గాని ప్రభుత్వపు గుత్తసొత్తు కాదని సుప్రీంకోర్టు ఆ యేటి ఫిబ్రవరి 9న తీర్పు చెప్పెను. దూరదర్శనమును ప్రభుత్వపు చేతి నుండి తప్పించి ప్రసార భారతి యను సంస్థకు అప్పగించు చట్టము 1990లోనే యైనను, 1997లో గాని అమలునకు రాలేదు. ఇంతలో చిన్న పట్టణములందు కేబుల్ తీగలు కరెంటు స్తంభముల వెంబడి ప్రాకెను. ఆ కేబుల్ నడుపువారు మధ్యాహ్నము ఒక సినిమా, సాయంకాలము ఊరి బతుకమ్మ, బడి వార్షికోత్సవము, ఎవరి యింటనో పెండ్లి చూపించిరి. వానిలో కళ లేదు, విద్య లేదు. కాని ఊరు తన ముఖమును తెర మీద చూచుకొన్నది మొట్టమొదట అక్కడనే. పెద్ద విద్వాంసులు దానిని చరిత్రలో చేర్చరు. మేము చేర్చుచున్నాము.

2012లో వచ్చిన వి6 చానెలు 'తీన్మార్' వార్తలను తెలంగాణపు ఇంటిమాటలో చదివించెను. ఆ చానెలును నడిపినవారు మా పెద్దపల్లి లోక్‌సభ స్థానమునకు 2009-14 నడుమ ప్రతినిధియైన వివేకానంద గారి కుటుంబమువారు. వ్యాపారము, రాజకీయము రెండును అందున్నవని మేమెరుగుదుము. అయినను డప్పు దరువు పేరు పెట్టుకొన్న ఆ వార్తలు విని, రైతు ఒకడు టీ దుకాణమున "గిది మన ముచ్చటే" యని తల యెత్తుటను మేము స్వయముగ చూచితిమి. ముప్పది యేండ్లు ప్రభుత్వ కేంద్రము చేయజాలని నిర్ణయమును లాభమునకై వచ్చినవారు చేసిరి. 2014లో రాష్ట్రము వేరైన పిమ్మట హైదరాబాదు కేంద్రము యాదగిరి యను పేరు దాల్చెను. సప్తగిరి విజయవాడకు పోయెను. 2022 నాటికి దేశమున పాత ట్రాన్స్‌మిటర్లు దాదాపుగ అన్నియు ఆగిపోయెను. వెదురుగెడలు పందిళ్ళకు పోయెను.

ఇంతటితో ముగింపవచ్చును గాని, 2020 సంవత్సరము మిగిలియున్నది.

ఆ యేట కరోనా వ్యాధి వలన బడులు మూతపడెను. సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వము మూడవ తరగతి మొదలు పదవ తరగతి వరకు పాఠములను యాదగిరి చానెలు, టీశాట్ చానెళ్ళ ద్వారా ప్రసారము చేసెను. నలువదియైదేండ్లకు ఉపగ్రహము మరల బడియైనది. ఈ మారు మా జిల్లాయు పట్టికలో నున్నది. భేదమొక్కటి. సైట్ కాలమున ఊరికొక పెట్టె బహిరంగ స్థలమున నుండెను. ఇప్పుడు ఇంటికొక పెట్టె యుండునని తలచిరి. ఏ యింట టీవీ లేదో వ్రాసికొని రమ్మని ఉపాధ్యాయులను పంపిరి. టీవీ లేని పిల్లలను ఇరుగుపొరుగు ఇండ్లలోనో, పంచాయతి కార్యాలయమునందో కూర్చుండబెట్టుమనిరి.

మేము పుస్తకము చంక నిడుకొని మంథని మండలపు ఒక పల్లెలో తిరిగితిమి. ఊరి కొసన నున్న వాడలో ఆరవ తరగతి బాలిక యొకతె కలదు. తండ్రి కూలి, ఇంట టీవీ లేదు. వీధి దాటిన యింట కలదు. మేము పోవునప్పటికి ఆమె ఆ యింటి కిటికీ వెలుపల నిలిచి, గోడకు నోటుపుస్తకము ఆనించి వ్రాసికొనుచుండెను. లోపల ముగ్గురు పిల్లలు చాప మీద కూర్చుండి చూచుచుండిరి. ఇల్లాలు మమ్ము చూచి, "రోగం రోజులు గద సార్, అందర్నీ లోపలికి రానిస్తె ఎట్ల?" అనెను. ఆ రోజులలో అది కాదనుటకు వీలు లేని మాట. కాని లోపలి ముగ్గురిలో ఇద్దరు ఆ యింటివారు కారు.

బాలిక మా వైపు తిరిగి, "సార్, టీవీల సారును జెర ఆగుమనరాదు? రాసుకునే లోపల్నే పోతుండు" అనెను.

మేము పంచాయతి కార్యాలయమునకు పోయితిమి. అచ్చట టీవీ కలదు. గోడకు బిగించి, గుడ్డ కప్పి యుండెను. తాళము ఉన్నవాని కొరకు ఒక గంట వెదకి, గుడ్డ తీసి, దుమ్ము తుడిచి, చానెలు పట్టించి, వాడలోనికి కబురంపితిమి. మరునాటి యుదయము పదునొకండుగురు పిల్లలు వచ్చిరి. వారి వెనుక ముగ్గురు తల్లులును వచ్చి వాకిట నిలువబడి, లోనికి రావచ్చునా యని మమ్మడిగిరి.